నాలుగు మూతుల గొట్టం

అయస్కాంతం గొట్టానికి టక్కున అంటుకుంది.

మా ఆయన ఉమాకాంత్ దాన్ని ఊడబీకి ఇంకోచోట పెట్టాడు. అక్కడా అంటుకుంది. నాలుగు గొట్టాల మీదా, ఆ నాలుగూ కలిసి ఒకటయ్యే మెడ దగ్గరా, ఇంజనుకు బిగించే మందపాటి పట్టీ మీదా, ఎక్కడ పెట్టినా వదల్లేదు.

"స్టీలని అమ్మిండు కదా బావా. స్టీలైతే అయస్కాంతం పట్టదని నువ్వే అంటివి," అన్నాను.

"ఇనుమే. పైన మెరుగు పెట్టిండు." అయస్కాంతాన్ని జేబులో వేసుకున్నాడు. "అయితే ఏందే? పాతది సుత ఇనుమే ఉండె. పదేండ్లు నడిచింది."

"పదేండ్లు నడిచి పగిలింది."

ఆదివారం పొద్దున మా ఇంటి ముందు ఇరుకు వాకిట్లో పాత దుప్పటి పరిచి, ఆ గొట్టాన్ని నడుమ పెట్టుకుని కూర్చున్నాం. ముందురోజు అమ్రోలీలో బండ్లకు సోకులు చేసే దుకాణం నుంచి తెచ్చాడు. దుకాణం వాడు దాన్ని హెడర్ అన్నాడట. సెలవు రోజుల్లో డుమస్ రోడ్డు మీద కార్లు ఉరికించే కుర్రాళ్లు చప్పుడు కోసం పెట్టించుకునే సామాను. దాన్ని మేము ఏడుగురు పిల్లలు ఎక్కే స్కూలు వ్యానుకు బిగించబోతున్నాం.

మా వ్యానులో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. మా హారతి రోజూ ఆ సీటు మీదే కూర్చుంటుంది, నాన్న పక్కన. దానికి ఐదేళ్లు. పోయిన వారం వరుసగా రెండు రోజులు క్లాసులో బెంచీ మీద తల వాల్చి నిద్రపోయింది. తల నొస్తుందన్నది. మూడో రోజు వెనక వీధి వినోదక్క కొడుకు జయదేవ్ కూడా అట్లాగే అన్నాడు. అప్పుడు ఉమాకాంత్ సీటు ఎత్తి చూశాడు. ఇంజను నుంచి కాలిన గాలిని సైలెన్సర్ దాకా మోసుకుపోయే మొదటి గొట్టం మీద వెంట్రుక మందాన పగులు, దాని చుట్టూ మసి. సీఎన్‌జీ బండికి పొగ కనిపించదు, వాసన కూడా పెద్దగా ఉండదు. ఎన్ని రోజుల నుంచి ఆ విషపు గాలి సీటు కిందినుంచి లోపలికి ఎక్కుతుందో మాకు తెలియదు. దాని మీద కూర్చుని మా పిల్ల పాటలు పాడింది.

కంపెనీ సామాను రావడానికి పదిహేను రోజులు అన్నారు. వ్యాను ఆపి అప్పటికే మూడు రోజులు. సోమవారం నుంచి రాకపోతే వేరే బండి చూసుకుంటామని ఇద్దరు ముగ్గురు తల్లులు చెప్పేశారు. వాళ్లది తప్పు కాదు, వాళ్లూ పొద్దున్నే పనులకు పోవాలి. ఉమాకాంత్ పాండేసరలో సాంచాల కార్ఖానాలో జాబర్. సాంచా అనే మర మగ్గం ఏది ఆగినా విప్పి, సరిచేసి, తిరిగి నడిపించేవాడు అతనే. ఇప్పుడు అక్కడ సగం సాంచాలు బందయ్యాయి. వ్యాను లేకపోతే మాకు ఏముంటుందో నాకు బాగా తెలుసు. కానీ ఆ రోజు నేను దాని గురించి ఆలోచించలేదు. ఆ నాలుగు గొట్టాలలో ఎక్కడ సందున్నా హారతి పీల్చేది ఆ విషపు గాలేనన్న ఒక్క మాటే నా తలలో తిరుగుతోంది.

"పెండ్లి పిల్లను చూసినట్టు చూస్తున్రు మొగుడు పెండ్లాలు," అన్నది మా అత్తమ్మ ఐలమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ. "నడిపించి సుత చూడున్రి. కుంటుతదేమో."

"కుంటుతనే ఉన్నదే అమ్మా," అన్నాడు ఉమాకాంత్.

నిజంగానే కుంటుతోంది. పాత అద్దం ఒకటి నేల మీద పరిచి, గొట్టం పట్టీని దాని మీద బోర్లించాడు. ఒక కొసన వేలితో నొక్కితే రెండో కొస లేచి టుక్కుమంటోంది. పట్టీ వంకర. నేను చీర కొంగు నుంచి ఒక పోగు లాగి, పట్టీకి అద్దానికి నడుమ దూర్చాను. సులువుగా దూరింది. రెండు పోగులు పేని దూర్చాను. అవీ దూరాయి. నాలుగు పోగులకు గాని పట్టుకోలేదు.

"నాలుగు పోగుల సందు," అన్నాను.

"నీకెందుకే ఈ లెక్కలు," అన్నాడు గాని, అద్దం మీద ఎమరీ కాగితం అంటించి పట్టీని రుద్దడం మొదలుపెట్టాడు. ముందుకు, వెనక్కి. ముందుకు, వెనక్కి. గంటన్నర రుద్దాడు. చెమట మెడ మీదినుంచి కారి గొట్టం మీద పడుతోంది. కాసేపటికొకసారి నేను పోగు దూర్చి చూశాను. నాలుగు పోగులు మూడయ్యాయి, రెండయ్యాయి. చివరికి ఒక్క పోగు కూడా దూరలేదు.

తర్వాత లోపల టార్చి వేసి చూశాడు. గొట్టాన్ని పట్టీకి అతికిన చోట లోపల ఇనుము కారి, గడ్డలు కట్టి ఉంది. మూతి సగం మూసుకుపోయినట్టుంది. గాలి అక్కడ తన్నుకుంటుందని, తన్నుకున్న గాలి ఎక్కడో ఒకచోట దారి వెతుక్కుంటుందని చెప్పాడు. గ్రైండర్ తెచ్చి నాలుగు మూతులూ నున్నగా కొట్టాడు. నిప్పురవ్వలు వాకిలి దాటి పక్కింటి గోడ దాకా ఎగిరాయి. హారతి చప్పట్లు కొట్టింది. నేను దాన్ని లోపలికి తోసి తలుపు వేశాను.

"ఇగ అయిపోయినట్టే," అన్నాడు.

"జర ఆగు బావా. వెలుతురు పెట్టి చూస్త."

పెళ్లికి ముందు నేను బట్ట చూసే పని చేశాను. సాంచా మీదినుంచి దిగిన తాకాను, అంటే మొత్తం పీసును, కింద ట్యూబులైటు వెలిగే గాజు బల్ల మీదుగా లాగుతూ తప్పులు పట్టడం. తెగిన పోగు ఉన్నచోట వెలుతురు సూదిలాగా గుచ్చుతుంది. ఎనిమిదో తరగతి మానేసిన నాటి నుంచి నాలుగేళ్లు అదే చూశాను. నా కన్ను తప్పిపోయిన పోగు లేదనేవాళ్లు.

గొట్టాన్ని స్నానాల గదిలోకి తీసుకుపోయి తలుపు మూశాను. మెడ దగ్గర నుంచి చిన్న బల్బు వైరుతో లోపలికి దింపి, చివరలన్నీ గుడ్డలతో కుక్కాను. చీకట్లో గొట్టం కనిపించలేదు. కాసేపటికి కళ్లు అలవాటు పడ్డాయి. అప్పుడు మూడో గొట్టం వంపులో రెండు చుక్కలు మెరిశాయి. ఎలుక కళ్లలాగా.

అరిచి పిలవలేదు. తలుపు తీసి, "బావా, రా," అన్నాను అంతే. అతను వచ్చి వంగి చూశాడు.

"నువ్వు చూడకుంటే..." అన్నాడు గొట్టాన్ని చంకన పెట్టుకుంటూ.

పక్క గల్లీలో వెల్డింగు చేసే పరుశురాం దగ్గరికి తీసుకుపోయి ఆ రెండు చిల్లులూ పూడిపించుకొచ్చాడు. పాత గొట్టానికి ఉన్నట్టు సెన్సర్ బిగించే చోటు దీనికి లేదు. దానికి కూడా ఒక నట్టు అతికించాడు పరుశురాం. "గింత పంచాయితీ ఉంటే గది కొన్నదెందుకన్నా," అని నవ్వాడట. ఇంటికి తెచ్చాక మళ్లీ బల్బు దింపి చూశాను. చీకటి తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు గాని నాకు అన్నం తినబుద్ధి కాలేదు.

తిన్నాక వ్యాను కింద దూరి, గొట్టాన్ని ఒకసారి ఊరికే పెట్టి చూశాడు. ఒకచోట బ్రేకు పైపుకు మరీ దగ్గరగా వచ్చింది. దించి, వేడి చేసి, అక్కడ కొంచెం లోపలికి నొక్కాడు. మళ్లీ పెట్టాడు. ఈసారి నడుమ వేలు పట్టింది. అన్నీ బాగున్నాయి. ఇక మిగిలింది ఒకటే, గొట్టం పట్టీకి ఇంజనుకు నడుమ వేసే ప్యాకింగ్.

దుకాణం వాడు ఇచ్చిన ప్యాకింగ్ వేరే బండిది. బోల్టు చిల్లులు వేలెడు పక్కకు ఉన్నాయి. పాత ప్యాకింగ్ విప్పేటప్పుడే పొరలు పొరలుగా ఊడిపోయింది. ఆదివారం మధ్యాహ్నం, దుకాణాలన్నీ మూసేశారు.

ఉమాకాంత్ కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి అటక మీదినుంచి జకార్డు అట్టల కట్ట దించాడు.

మా సాంచాల వాళ్లకు ఇది అలవాటే. చీరల అంచుల మీద పూలు నేయించడానికి చిల్లులు కొట్టే అట్టలు అవి. డిజైను మారినప్పుడల్లా పాతవీ, చిల్లులు పడని కొత్తవీ కట్టలకొద్దీ మిగులుతాయి. సాంచాలో ఏ ఇనుము వదులైనా, ఎక్కడ సందు వచ్చినా, ఆ అట్టను కొలతకు కోసి, నూనెలో ముంచి, సందులో పెట్టి బిగిస్తారు. ఏళ్ల తరబడి కదలదు. మా ఇంట్లో మంచం కోళ్ల కిందా అవే, తలుపు బందుల వెనకా అవే. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఆ అట్ట పెట్టినచోట సందు ఉండదు.

"రెండు రోజుల మాట," అన్నాడు. "మంగళవారం అసలుది దొరుకుతది."

"కాలదా బావా?"

"రెండు ఇనుముల నడుమ బిగుస్తది. గాలి ఆడదు. గాలి ఆడంది నిప్పు ఎట్ల పట్టుతది?" ఎర్ర పేస్టు ట్యూబు చూపించాడు. "పైనుంచి ఇది సుత పూస్త. వేడికి ఓర్చుకునే పేస్టు ఇది. నువ్వు కొయ్యి. నీ చెయ్యి సాఫ్‌గ ఉంటది."

అతను నన్ను మెచ్చుకోవడం తక్కువ. ఒక్క పూటలో రెండుసార్లు మెచ్చుకున్నాడు. నేను కత్తెర తెచ్చుకున్నాను. చిల్లులు లేని అట్టలు రెండు కలిపి అంటించి, పట్టీని దాని మీద పెట్టి గీత గీశాను. మొదటిది కొస దగ్గర తప్పు పోయింది, పక్కన పడేశాను. రెండోది సరిగ్గా వచ్చింది. నాలుగు మూతులూ నాణెంలాగా గుండ్రంగా. నాకే ముచ్చటేసింది. అతను రెండు వైపులా ఎర్ర పేస్టు పూసి, గొట్టాన్ని ఎక్కించి బోల్టులు బిగించాడు. బిగించినంతసేపూ అట్ట కాలదా అని నా మనసు ఒకవైపు లాగుతూనే ఉంది. గొట్టంలో అంత చూసిన దాన్ని, ఈ అట్టను కూడా చూశాననే అనుకున్నాను.

సైలెన్సర్ చివర గుడ్డ కుక్కి, టైర్లలో గాలి కొట్టే పంపుతో గాలి ఎక్కించాం. నేను సబ్బు నురుగు తీసుకుని ప్రతి అతుకు మీదా పూశాను. ఒక్క బుడగ లేవలేదు.

బండి స్టార్ట్ చేశాడు. చప్పుడు కొంచెం బొంగురుగా మారింది. వీధి చివరిదాకా పోయి వచ్చాడు, కిటికీలన్నీ తెరిచి. సీటు కిందినుంచి సన్నగా కమురు వాసన వచ్చింది.

"ఏందిది?" అన్నాను.

"కొత్త సామాను. మెరుగు కాలుతది మొదాలు. రేపటికి పోతది."

అత్తమ్మ వ్యాను ముందు కొబ్బరికాయ కొట్టింది. వినోదక్క తన గుమ్మంలో నుంచే అడిగింది, "రేపు వస్తున్నట్టేనా నవతా?"

"వస్తున్నదక్కా," అన్నాను.

సోమవారం పొద్దున వాన. చినుకులుగా కాదు, కుండపోతగా. ఏడు కాకముందే ఉమాకాంత్ బండి తీశాడు. హారతి రెయిన్‌కోటు టోపీ వెనక్కి తోసుకుని ముందు సీటు మీదికి ఎక్కింది.

"వెనక కూసో బిడ్డా," అన్నాను.

"వెనక జయదేవ్ కొడ్తడు."

"కిటికీలు తెరిచి పెట్టు బావా."

"తెరుస్తనే గని పిల్లలు తడుస్తరు గదనే," అన్నాడు. కొంచెం దించి చూపించాడు. వ్యాను మలుపు తిరిగేటప్పుడు చూశాను. అన్ని అద్దాలూ మూసే ఉన్నాయి. లోపల తండ్రీ బిడ్డల ఊపిరికి అప్పుడే తెల్లగా పొగమంచులాగా పట్టింది.

ఇంట్లోకి వచ్చాక ఏ పనీ చేయలేకపోయాను. గిన్నెలు తోముతూ ఆపేశాను. హారతి ఎక్కే మొదటి పిల్ల, దిగే చివరి పిల్ల. వానలో ముప్పావు గంట. వాకిలి మూలన నిన్న తప్పు కోసిన అట్ట తడవకుండా గోడకు ఆనుకుని ఉంది. దాన్ని తీసుకొచ్చాను. ట్యూబులో మిగిలిన ఎర్ర పేస్టు రెండు వైపులా పూశాను. జొన్న రొట్టెల పెనం మీద ఆ అట్టను పరిచి, దాని మీద రెండో పెనం బోర్లించి, పైన సన్నికల్లు పొత్రం పెట్టాను. రెండు ఇనుముల నడుమ బిగించాను. గాలి ఆడదు. పొయ్యి వెలిగించాను.

"ఏందే అది? పెనానికి పెనం మూత పెట్టినవ్," అన్నది అత్తమ్మ.

"ఊకె అత్తమ్మా."

నిన్నటి కమురు వాసన వచ్చింది. అదే వాసన. మెరుగుది కాదు.

ఐదు నిమిషాలు ఆగాను. ఇంకో రెండు నిమిషాలు నన్ను నేను పట్టుకుని ఆగాను. గుడ్డతో పొత్రం దించి పై పెనం ఎత్తాను. అట్ట ఆకారం అట్లాగే ఉంది. కొసలు కూడా చెదరలేదు. రంగు మాత్రం నల్లగా మారింది. చెంచాతో తాకాను. తాకినచోట అది బూడిదై కూలింది. రెండో చోట తాకాను. అక్కడా కూలింది. గ్యాసు పొయ్యి మంటకే ఇంత. ఇంజను మంట ముందు ఈ పొయ్యి ఏపాటిది.

ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. పిల్లలు బండిలో ఉండగా ఫోను ముట్టుకోవద్దని హారతి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నది నేనే.

చెప్పులు వేసుకోలేదు. గల్లీ చివర ఆటో దొరికింది. స్కూలు పేరు చెప్పి, జల్దీ భయ్యా అన్నాను. ఆటో పెద్దాయన అద్దంలో నన్ను చూసి వేగం పెంచాడు. రైలు పట్టాల కింద దారి, మా దగ్గర గర్నాల అంటారు, అక్కడికి వచ్చేసరికి బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. గర్నాలలో నీళ్లు నిండాయి. ముందుకు పోయే దారి లేదు, వెనక్కి తిరిగే చోటు లేదు. ఆటో దిగి మోకాలు లోతు నీళ్లలో బండ్ల సందుల్లోంచి నడిచాను. ఒక్కో బండి వెనక అద్దం చూసుకుంటూ పోయాను.

మా వ్యాను గోడ వారగా నిలబడి ఉంది. ఇంజను నడుస్తోంది. ఆ బొంగురు చప్పుడుతోనే గుర్తుపట్టాను. వెనక సైలెన్సర్ కొస నీళ్లలో మునిగి గడగడమంటోంది. బయటికి పోవాల్సిన గాలికి దారి లేదు. అద్దాలు తెల్లగా ఉన్నాయి. లోపల ఎవరూ కనిపించలేదు.

ముందు తలుపు లాగాను. ఉమాకాంత్ స్టీరింగు మీద మోచేతులు ఆనించి తల పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వెట్లొచ్చినవ్," అన్నాడు, నిద్రలోంచి మాట్లాడినట్టు.

"బండి బంద్ చెయ్యి."

"నీళ్లలున్నది. బంద్ చేస్తే మళ్ల లెవ్వదు."

నేనే చెయ్యి దూర్చి తాళం తిప్పాను. హారతి సీటు మీద పక్కకు ఒరిగి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, జాతరలో రంగు పూసినట్టు. ఎత్తుకుంటే తల నా భుజం మీద నిలవలేదు, జారిపోయింది. వెనక తలుపు తీశాను. పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి ఉన్నారు. ఒక పాప కింద కక్కుకుంది. ఒకడు కళ్లు తెరిచి నన్ను చూస్తున్నాడు గాని గుర్తుపట్టలేదు.

"వానకు నిద్రొచ్చింది వాళ్లకు," అన్నాడు ఉమాకాంత్. దిగబోయి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. కాళ్లు అతని మాట వినడం లేదు. అప్పుడు గాని అతనికి అర్థం కాలేదు.

చుట్టూ బండ్ల వాళ్లు దిగి వచ్చారు. ఎవరెవరో తలా ఒక పిల్లను ఎత్తుకున్నారు. గట్టు మీద చిన్న దవాఖానా ఉంటే అక్కడికి మోశాం. వానలో తడిసేసరికి ఇద్దరు ఏడవడం మొదలుపెట్టారు. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచి వచ్చింది. హారతి ఏడవలేదు. కళ్లు సగం తెరిచి మళ్లీ మూసుకుంది.

డాక్టరమ్మ గుజరాతీ ఆమె. పిల్లల వేళ్లకు ఒక చిన్న మిషను తగిలించి చూసింది. అంకె తొంభై ఎనిమిది. అందరికీ దగ్గర దగ్గర అంతే. ఊపిరి బాగానే ఉందని, పొద్దున ఏం తిన్నారని హిందీలో అడిగింది.

నేను నోరు తెరిచే లోపల ఉమాకాంత్ చెప్పాడు. "ఒక పిల్లగాడు ఫర్సాణ్ తెచ్చాడు మేడం. అందరూ పంచుకుని తిన్నారు. ఖరాబైంది కావచ్చు."

హిందీలో ఆ మాట అతి మామూలుగా చెప్పాడు. చెప్పి నా వైపు చూశాడు. ఆ చూపులో నన్ను బెదిరించడం లేదు, బతిమాలడం ఉంది. పర్మిటు, పోలీసులు, ఆరిళ్ల తల్లులు, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. డాక్టరమ్మ తల ఊపి, వాంతులు తగ్గే సూదిమందు తీయమని నర్సుకు చెప్పింది.

"తిండి కాదు," అన్నాను. నా హిందీ సరిగ్గా రాదు. అయినా అన్నాను. "బండిలో గ్యాసు. సైలెన్సర్ గ్యాసు లోపలికి వచ్చింది. అద్దాలు మూసి ఉన్నాయి. ముప్పావు గంట నుంచి."

డాక్టరమ్మ చేతిలో పని ఆపింది. "మీకెలా తెలుసు?"

"మేమే బిగించినం. సందున్నది."

ఉమాకాంత్ గోడ పట్టుకుని కూలబడ్డాడు. డాక్టరమ్మ అతని వైపు చూడనే లేదు. హారతి వేలికి ఉన్న మిషను తీసి పక్కన పడేసింది. ఆ గ్యాసు పీల్చిన వాళ్లకు ఈ మిషను అంకె నమ్మడానికి లేదన్నది. మీరు చెప్పకపోతే ఆ అంకె చూసి, సూదిమందు ఇచ్చి, ఇంటికి పంపేదాన్ని అని కూడా అన్నది. గదిలో ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరు హారతికి పెట్టి, నూట ఎనిమిదికి ఫోను చేసింది. మిగతా పిల్లలను వరండాలో గాలి తగిలేచోట కూర్చోబెట్టింది. ఎవర్నీ పడుకోనివ్వొద్దు, మాట్లాడిస్తూ ఉండమన్నది.

"మొత్తం ఎందరు బండిలో?"

"ఏడుగురు," అన్నాను.

ఆమె వరండా వైపు చూసింది. నేను కూడా చూశాను. ఐదుగురు. లోపల హారతి. ఆరు.

"జయదేవ్ ఏడి?"

ఉమాకాంత్ కళ్లు నెమ్మదిగా నా మీదికి తిప్పాడు. "వాళ్ల నాయిన లస్మయ్యన్న తీస్కపోయిండు. షిఫ్టు దిగి సైకిల్ మీద వస్తుండె, గర్నాల కాడ కలిసిండు. పిల్లగాడు కక్కుకుండు, నిద్రొస్తుందని అంటుండె. ఇంటికి తీస్కపోయి పండవెడ్తనన్నడు."

"ఎప్పుడు?"

"తెల్వదు. అరగంటనో, ఇంకా ఎక్కువనో."

డాక్టరమ్మకు చెప్పాను. బయటి గాలిలో పోయాడు కాబట్టి మంచిదే కావచ్చునన్నది. కావచ్చు. కానీ వెంటనే లేపమనండి, లేచి మాట్లాడాడో లేదో నాకు చెప్పండి అన్నది.

వినోదక్క రెండో రింగుకే ఎత్తింది.

"అక్కా, జయదేవ్ ఎట్లున్నడు?"

"ఇప్పుడే పండుకుండు. మీ బావ తడిసి తీస్కచ్చిండు. బట్టలు మార్చి దుప్పటి కప్పిన. పొద్దుగాల పాలు తాగిచ్చిన, గది పడలేదో ఏమో." ఆమె గొంతు తగ్గించింది. "మంచిగ నిద్రవోతున్నడు. బుగ్గలు ఎర్రగ అయినయి, జరమొస్తదేమో."

"లేపక్కా."

"ఎందుకే, ఇప్పుడే కదా..."

"అక్కా, నువ్వు ముందుగాల లేపు. నేను ఫోను పట్టుకునే ఉంట."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. రేకుల మీద వాన చప్పుడు. తర్వాత ఆమె పిలుపు. "జయ్. ఓ జయ్. లెవ్వు బిడ్డా." చిన్నగా, రోజూ పొద్దున స్కూలుకు లేపినట్టు. కొంచెం ఆగి ఇంకోసారి. తర్వాత పేరు మొత్తం పిలిచింది. ఆ తర్వాత మా లస్మయ్య బావ గొంతు కూడా కలిసింది. మంచం జరిపిన చప్పుడు. ఎవరో నీళ్లు తెమ్మన్నారు. వినోదక్క ఇప్పుడు కొడుకును పిలవడం లేదు, నేను గుర్తుపట్టలేని గొంతుతో ఒకటే మాట అంటోంది, లెవ్వు, లెవ్వు, లెవ్వు అని.

నేను ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని నిలబడ్డాను. గదిలో హారతి కాళ్ల దగ్గర డాక్టరమ్మ వంగి దాని అరికాలు గీరుతోంది. హారతి కాలు వెనక్కి లాక్కుంది. విసుగ్గా లాక్కుంది. నా కంటి ముందు నా బిడ్డ లేస్తోంది. నా చెవిలో ఇంకొక తల్లి బిడ్డ లేవడం లేదు.

ఎంతసేపో నాకు తెలియదు.

తర్వాత దగ్గు వినిపించింది. దగ్గు, కక్కు, దాని వెంట ఏడుపు. పెద్దగా, కోపంగా, నిద్ర చెడగొట్టినందుకు ఏడ్చే ఏడుపు. లస్మయ్య బావ దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. నేను డాక్టరమ్మ వైపు తిరిగి తల ఊపాను. ఏడుస్తున్నాడని చెప్పాను. పెద్ద దవాఖానాకు తెమ్మనండి, అక్కడ ఆక్సిజన్ పెడతారు, ఆలస్యం చేయొద్దు అన్నది ఆమె.

"నవతా." వినోదక్క ఫోను మళ్లీ ఎత్తుకుంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. "లేపుమని నీకెట్ల తెలిసింది?"

"అక్కా, వాన్ని తీస్కొని ఇప్పుడే పెద్ద దవాఖానకు రా. ఆటో దొరకకుంటే నూట ఎనిమిదికి ఫోను చెయ్యి. పండుకోనియ్యకు."

"వస్త. మొదాలు చెప్పు. ఏమైంది నా కొడుక్కు?"

బయట అంబులెన్సు వచ్చి ఆగింది. ఉమాకాంత్ లేచి నిలబడి గోడ పట్టుకుని నన్నే చూస్తున్నాడు. వద్దనలేదు. చెప్పమనీ అనలేదు.

"బండిల విషపు గాలి పీల్చిండు," అన్నాను. "మా బండిలనే. అనుమానముండంగనే పంపినమక్కా."

ఆమె తిట్టలేదు. ఫోను కూడా పెట్టేయలేదు. జయదేవ్ ఏడుపు దగ్గరగా వచ్చింది, వాణ్ని చంకన ఎత్తుకున్నట్టుంది. చెప్పులు వేసుకుంటున్న చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, ఆ తర్వాత ఒక్కసారిగా వాన. ఇక్కడ ఇద్దరు మనుషులు వచ్చి హారతిని స్ట్రెచరు మీదికి ఎత్తారు. నేను ఒక చేత్తో దాని కాలు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను అట్లాగే పట్టుకుని వాళ్ల వెంట నడిచాను.